నీట నిలిచిన పైరులో వేరు శ్వాస

మొక్కలు పత్రరంధ్రాల ద్వారా కార్బన్ డై ఆక్సైడ్‌ను గ్రహించి ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయన్నది అందరికీ తెలిసినదే. అయితే అది పగటివేళ జరిగే కిరణజన్య సంయోగక్రియకు సంబంధించిన వాయు వినిమయం. శ్వాసక్రియ సజీవ కణాలన్నింటిలో రేయింబవళ్ళు సాగుతుంది. మెట్ట పైర్ల వేర్లు తమకు కావలసిన ఆక్సిజన్‌ను ప్రధానంగా నేల రంధ్రాలలోని గాలి నుండి పొందుతాయి.

భారీ వర్షాలకు నల్లరేగడి నేలలలో నీరు నిలిచినప్పుడు ఈ రంధ్రాలు నీటితో నిండిపోతాయి. ఆక్సిజన్ విసరణ వేగం గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు తక్కువ. మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను వేర్లు, సూక్ష్మజీవులు పోటీపడి వాడుకొనడంతో అది త్వరలోనే హరించుకుపోతుంది. అప్పుడు వేరు కణాలు అవాయు శ్వాసక్రియపై ఆధారపడతాయి. ఒక గ్లూకోజ్ అణువు నుండి వాయుసహిత శ్వాసక్రియలో సుమారు 30 ఏటీపీ అణువులు లభించగా, అవాయు శ్వాసక్రియలో లభించేవి 2 మాత్రమే. శక్తి చాలక వేర్లు నీటిని, పోషకాలను తగినంతగా గ్రహించలేవు. అందువల్లనే చుట్టూ నీరున్నప్పటికీ కంది, మొక్కజొన్న, మిరప మొక్కలు వాడిపోతాయి. వేర్లు నత్రజనిని అందించలేకపోవడం, నేలలోని నైట్రేట్ కొంత వినత్రీకరణ వల్ల వాయురూపంలో నష్టపోవడం వలన ఆకులు పసుపు రంగుకు మారతాయి. ఈ లక్షణాలను తెగులుగానో, కేవలం ఎరువు లోపంగానో పొరబడే అవకాశముంది.

వరిలో పరిస్థితి వేరు. దాని ఆకులు, కాండం, వేర్లలో గాలి గదులతో కూడిన ఏరెంకైమా కణజాలం ఉంటుంది. ఆకులు గ్రహించిన ఆక్సిజన్ ఈ మార్గంలో వేరు కొన వరకు చేరుతుంది. మార్గమధ్యంలో అది నేలలోకి జారిపోకుండా వేరు వెలుపలి పొరలు అడ్డుకుంటాయి. అయితే పైరు పూర్తిగా మునిగితే ఈ మార్గానికి గాలి అందదు. మార్టేరులో రూపొందిన స్వర్ణ రకానికి సబ్1 జన్యువును చేర్చి రూపొందించిన స్వర్ణ-సబ్1, మునిగినప్పుడు పెరుగుదలను నిలిపివేసి పిండిపదార్థాలను పొదుపు చేసుకొనడం ద్వారా సుమారు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది.

మెట్ట పైర్లకు ఇట్టి రక్షణ లేనందున ముందుగా కాలువలు తీసి నిలిచిన నీటిని తొలగించాలి. నీరు నిలిచి ఉండగా నేలలో వేసిన యూరియాను ఊపిరాడని వేర్లు వినియోగించుకోలేవు. నీరు తీసిన పిదప లీటరు నీటికి 20 గ్రా. యూరియా లేదా 10 గ్రా. పొటాషియం నైట్రేట్ కలిపి ఆకులపై పిచికారి చేస్తే, వేర్లు కోలుకొనే వరకు పైరుకు పోషకాలు అందుతాయి. నేల పదునుకు రాగానే అంతరకృషి చేస్తే పైపొర గుల్లబారి వేర్లకు గాలి అందుతుంది. నీరు నిలిచే పొలాలలో విత్తే సమయంలోనే బోదెలు, కాలువల పద్ధతిని పాటించడం శ్రేయస్కరం.