ఖాళీ పిస్టల్ ‘టిక్’మనదు

సినిమాలో విలన్ తూటాలన్నీ అయిపోయాక కూడా ట్రిగ్గర్ నొక్కుతూనే ఉంటాడు, పిస్టల్ ‘టిక్ టిక్’మంటూనే ఉంటుంది. ఆ చప్పుడు రివాల్వర్‌ది. సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లలో చాలావాటికి ఆఖరి తూటా పేలగానే పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. సరుకు అయిపోయిందన్న సంగతి ఎదుటివాడికీ తెలిసిపోతుంది!

షూటింగుల్లో వాడే బ్లాంక్ తూటాలో బుల్లెట్ ఉండదు. దాంతో స్లైడ్‌ను వెనక్కి నెట్టేంత ఒత్తిడి పుట్టదు. అందుకే సినిమా పిస్టళ్ల బ్యారెల్‌కి లోపల అడ్డు బిగించి, దారిని ఇరుకు చేస్తారు.

* * *

ఈ యంత్రానికి మోటారు లేదు. పేలినప్పుడు వెనక్కి తన్నే ఆ తన్నే దీన్ని నడిపిస్తుంది. స్లైడ్ వెనక్కి వెళ్తూ చిన్న కొక్కెంతో ఖాళీ ఇత్తడి తొడుగును లాగి పక్కకి విసిరేస్తుంది, హ్యామర్‌ని ఎక్కుపెడుతుంది. అప్పటికి నొక్కుకుపోయిన స్ప్రింగ్ స్లైడ్‌ను తిరిగి ముందుకి తోస్తుంది. వస్తూ వస్తూ మ్యాగజైన్‌లోని పై తూటాను ఛాంబర్‌లోకి నెట్టేస్తుంది. ఇదంతా కనురెప్ప వేసి తీసేలోపే.

* * *

మరి బుల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే వెనక తెరుచుకుంటే? తొడుగు పగిలి, వేడి గ్యాస్ వెనక్కి చిమ్ముతుంది. అమెరికా తుపాకుల నిపుణుడు జాన్ మోజెస్ బ్రౌనింగ్ దీనికి మంచి ఉపాయం పన్నాడు. బ్యారెల్, స్లైడ్ ఒకదాన్నొకటి పట్టుకుని కాస్త దూరం కలిసే వెనక్కి వెళ్తాయి. ఈలోగా బుల్లెట్ బయటపడుతుంది. అప్పుడు బ్యారెల్ వెనక కొస కిందికి వంగి పట్టు వదులుతుంది. ఈ పద్ధతిలో చేసిన .45 పిస్టల్‌ని అమెరికా సైన్యం 1911లో పరీక్షించింది. వేడెక్కితే నీళ్లలో ముంచుతూ 6,000 తూటాలు పేల్చారు. ఒక్కసారీ మొరాయించలేదని చెబుతారు. ఇప్పటి సర్వీస్ పిస్టళ్లలో ఎక్కువ భాగం నడిచేది ఆ దారినే.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన హై-పవర్ పిస్టల్‌ని డ్యూడోనే సైవ్ పూర్తిచేశాడు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో మన సైన్యానికీ పోలీసులకూ తయారైన 9 ఎంఎం పిస్టల్ ఆ వంశానిదే.

తక్కువ శక్తి తూటాలకి బ్యారెల్‌నీ స్లైడ్‌నీ కలిపి పట్టే ఈ తాళం అక్కర్లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువు చాలు. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గాడ్సే వాడిన ఇటలీ బెరెట్టా అలాంటిదే.

* * *

ఒకరి చేతిలో పదేపదే జామ్ అయ్యే పిస్టల్ ఇంకొకరి చేతిలో భేషుగ్గా పేలవచ్చు. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే కింది ఫ్రేమ్ కదలకుండా నిలవాలి. మణికట్టు సడలిందా, ఆ తన్నులో కొంత చేతిలోనే ఇంకిపోతుంది. స్లైడ్ సగంలో ఆగి, బయటికి రాబోతున్న ఖాళీ తొడుగును నిలువునా నొక్కిపెడుతుంది. తేలికపాటి ప్లాస్టిక్ ఫ్రేములకి ఈ పేచీ ఎక్కువ.

నన్నడిగితే మొదట అనుమానించాల్సింది మ్యాగజైన్‌నే. చూడ్డానికి ఉత్త రేకు డబ్బా. కానీ కిందపడి దాని పై అంచులు కొద్దిగా వంగినా తూటా ముక్కు ఎత్తు తప్పి, ఛాంబర్‌లోకి దూరక గోడకి గుద్దుకుంటుంది. మసి, అరిగిన కొక్కెం, నీరసించిన స్ప్రింగ్ ఆ తర్వాతి ముద్దాయిలు.

* * *

జామ్ అయితే విసుగు, అంతే. అసలు భయపడాల్సింది ‘ఢాం’కి బదులు ‘ఠప్’మన్నప్పుడు. మందు చాలక బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనకే రెండోది పేలిస్తే బ్యారెల్ ఉబ్బడమో, పగలడమో ఖాయం. ఇక ట్రిగ్గర్ నొక్కినా ఏమీ పేలకపోతే, ఫైరింగ్ రేంజ్‌లో శిక్షకులు పిస్టల్‌ని అలాగే టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగమంటారు. మందు ఆలస్యంగా అంటుకునే తూటాలూ ఉంటాయి మరి.