కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ పతనం: ఒక పరిశీలన

1839 అక్టోబరులో కర్నూలును స్వాధీనం చేసుకున్న ఆంగ్లేయాధికారులకు రాణివాసపు ఆవరణల్లోనూ తోటల్లోనూ ఫిరంగులు, మందుగుండు, పోతపోసే కొలుములు కనిపించాయి. అంత చిన్న సంస్థానానికి అన్ని ఆయుధాలెందుకు? ఈ ప్రశ్నకు కంపెనీ పక్షం రాజద్రోహమని, తరువాతి రచనలు కొన్ని స్వాతంత్ర్య సన్నాహమని జవాబిచ్చాయి. రెండు వాదాలూ లభ్యమైన ఆధారాన్ని దాటి వెళ్ళినవే.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించినప్పుడు కర్నూలు నవాబు చెల్లించే లక్ష రూపాయల పేష్కష్ కూడా కంపెనీ పరమైంది. పఠాను నవాబుల వంశంలో చివరివాడైన గులాం రసూల్ 1823లో అధికారానికి వచ్చాడు. అతని పాలనాలోపాలకు కంపెనీ నివేదికలొక్కటే సాక్ష్యం కాదు. 1830లో శ్రీశైలం దర్శించిన ఏనుగుల వీరాస్వామయ్య, నవాబు యాత్రికులనుండి పన్ను రాబట్టుకుంటూ ఆలయం బాగోగులు పట్టించుకోని తీరును తన కాశీయాత్ర చరిత్రలో ప్రస్తావించాడు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగే అయినా ఒక యాత్రికుని ఫిర్యాదులో రాజకీయ ప్రయోజనం వెదకడం కష్టం.

అయితే నవాబును కూల్చింది దుష్పాలన కాదు, అనుమానం. 1839లో నిజాం నాసిరుద్దౌలా సోదరుడు ముబారిజుద్దౌలా వహాబీ కుట్ర ఆరోపణపై గోల్కొండలో బందీ అయ్యాడు. ఆ విచారణలో కర్నూలు పేరు వినిపించింది. కంపెనీ సేన రాగా నవాబు కోటను ప్రతిఘటన లేకుండానే వదిలి, సమీపంలోని జొహరాపురంలో తన కిరాయి సైనికుల నడుమ ఉండిపోయాడు. జీతాల బకాయిలు తీర్చనిదే అతన్ని అప్పగించబోమని వారు భీష్మించారు. అక్టోబరు 18న జరిగిన పోరుకు తక్షణ కారణం ఇదే. దీనిని స్వాతంత్ర్య సమరంగా చిత్రించేవారు ఈ బకాయిల మాటను సాధారణంగా దాటవేస్తారు. ఆయుధాలు పోగుచేసినవాడు కోటను పోరాడకుండా విడిచిపెట్టడం కంపెనీ వాదానికీ అంతే ఇబ్బందికరం. ఆయుధాలు వాస్తవం, వాటిని ఎవరిపై ఎప్పుడు ప్రయోగించదలచాడన్నది మాత్రం ఊహ.

పట్టుబడిన నవాబును తిరుచినాపల్లికి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. కుటుంబీకులకు పింఛన్లు దక్కాయి, రాజ్యం దక్కలేదు. కమిషనర్ల ఏలుబడిలో కొంతకాలం గడిచాక, 1858లో కడప, బళ్ళారి జిల్లాల తాలూకాలు కొన్ని కలిపి కర్నూలును కలెక్టరు జిల్లాగా ఏర్పరిచారు.