మాస్టారికి మార్కులు!

సెమిస్టర్‌ చివర్లో ఓ కాగితం చేతికొస్తుంది... 'పాఠాలెలా ఉన్నాయి?' అంటూ. పైన హాల్‌టికెట్‌ నంబరు రాయమంటే ఇంకేముంది, అందరూ 'చాలా బాగున్నాయి' అనే రాస్తారు. ఇంటర్నల్‌ మార్కులు వేసేది ఆ మాస్టారే మరి!

కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్‌ 2017లో ఈ చిక్కుకో దారి చూసింది. విద్యార్థుల ఈ-మెయిళ్లు తీసుకుని ప్రశ్నలు తనే నేరుగా పంపడం మొదలుపెట్టింది. సిలబస్‌ ఎంతవరకు పూర్తయింది, ఇంటర్న్‌షిప్‌ల మీద కాలేజీకి శ్రద్ధ ఉందా... ఇలా ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. ఇరవై ఒకటోది మాత్రం మూడు సూచనలు రాయమంటుంది. అసలు సరుకు ఉండేది అక్కడే. 'బాగాలేదు' అంటే ఎవరేం దిద్దుకుంటారు? 'ల్యాబ్‌లో ఆరుగురికి ఒకటే కంప్యూటర్‌' అంటే తెలుస్తుంది.

అంకెల్ని మరీ నమ్మినా కష్టమే. అమెరికాలోని నార్త్‌ కరొలినాలో ఓ ఆన్‌లైన్‌ కోర్సులో ఇద్దరు టీచర్లు, ఒకరు ఆడ, ఒకరు మగ, కొన్ని బృందాలకు పేర్లు మార్చుకుని పాఠాలు చెప్పారు. పేపర్లు అందరికీ ఒకేసారి దిద్ది ఇచ్చారు. అయినా 'సకాలంలో ఇచ్చారా?' అంటే మగపేరుకు 5కు 4.35, ఆడపేరుకు 3.55 పడ్డాయి! 2015లో వెలువడిన ఫలితమిది.

అడిగే వేళ కూడా ముఖ్యమే. కోర్సు సంగతి సగంలో అడిగితే దిద్దుకునే వీలుంటుంది. ఇంటర్న్‌షిప్‌ సంగతి సర్టిఫికెట్‌ చేతికొచ్చాకే అడగాలి. పని నేర్పారా, జిరాక్సులు తీయించారా అన్నది అప్పుడే ధైర్యంగా చెబుతారు. వచ్చే ఏడాది అదే కంపెనీకి వెళ్లే జూనియర్లకు కావాల్సిందీ ఆ కబురే.