సాయంత్రం లేని పనిరోజు

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళను దూరం నుంచి చూస్తే అది పనిలా అనిపించదు. ఒళ్ళో దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది, పక్కన ఆడుకునే పిల్లాడు, లోపల పొయ్యి మీద కుక్కరు. వేళ్ళు వాటంతటవే కదులుతున్నట్టుంటాయి. దగ్గరకు వెళితే సంగతి తెలుస్తుంది. ఒక్కో పువ్వుకు ఎన్ని గొలుసు కుట్లు వెయ్యాలో, ఏ వరసలో ఎక్కడ మలుపు తిప్పాలో మనసులో లెక్క నడుస్తూనే ఉండాలి. కుక్కరు కూత పెడితే లేవాలి, మామగారికి మందు వేళైతే లేవాలి, బడి నుంచి పిల్ల వస్తే లేవాలి. తిరిగొచ్చి కూర్చునేసరికి లెక్క తప్పుతుంది; తప్పిన చోటుదాకా విప్పి మళ్ళీ అల్లాలి. విప్పిన కుట్లకు కూలి ఉండదు. ఈ పనికి డబ్బు కట్టేది దారం లెక్కన, గంటల లెక్కన కాదు. సంపాదన, సంసారం రెండూ కలిసి మనిషి ఒంటిని ఎలా పిండేస్తాయో తెలుసుకోవడానికి మహానగరాల అద్దాల మేడల దాకా పోనక్కర్లేదు. ఆ రెండూ ఒకే చాప మీద తరాల తరబడి నడుస్తున్న చోటు మన గోదావరి డెల్టాలోనే ఉంది.

ఈ అల్లిక మన నేల మీద పుట్టింది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ కుటుంబాలు నేర్పితే గోదావరి ఊళ్ళలో వేళ్ళూనుకుంది. దారం తెచ్చి ఇచ్చేది ఏజెంటు. పువ్వులు అల్లే చేతిపని ఒక ఇంట్లో, వాటిని కలిపే అతుకుపని ఇంకో ఇంట్లో జరుగుతాయి. తయారైన బల్లగుడ్డలు సముద్రాలు దాటి పోతాయి. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, ఈ అల్లికదారుల ఇళ్ళలో కూర్చుని పరిశోధన చేసి, 1982లో పుస్తకం ప్రచురించారు. ఇంటి చాకిరీ పోను రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలకు ఆనాడు దక్కుతున్నది రూపాయి కూడా లేదని ఆమె లెక్కగట్టారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి చెప్పారు. పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువ అనుకునే కుటుంబాల్లో వీళ్ళంతా గృహిణులుగానే చెలామణీ అయ్యేవారు. అల్లేది తీరిక వేళల కాలక్షేపమని వ్యాపారులూ అన్నారు, ఇంట్లోవాళ్ళూ అన్నారు, చాలామంది అల్లికదారులూ నమ్మారు. లక్షమందికి పైగా స్త్రీల చేతులతో నడిచే పరిశ్రమ ప్రభుత్వ లెక్కల్లో దాదాపు కనబడకుండా పోయింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు సరుకుకు వచ్చింది, అల్లే మనిషి గంటలకు రాలేదు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. మనిషిని జబ్బు మనిషిని చేసేది పని ఎక్కువ కావడం మాత్రమే కాదు. ఉద్యోగమో, సంసారమో, ఏదో ఒకటి వదులుకుంటే తీరిపోయే సమస్యా కాదు. ఎక్కడ ఆగాలో తెలియని పని, ఎప్పుడు లేవాలో తాను నిర్ణయించుకోలేని పని, చేసినా లెక్కలోకి రాని పని ఆరోగ్యాన్ని తినేస్తాయి. డెల్టాలో లేసు అల్లే ఇల్లాలికి ఈ మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి.

ఒత్తిడి వచ్చినప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను వదులుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఇది జబ్బు కాదు, రక్షణ. పని అయిపోగానే అన్నీ మామూలు స్థితికి దిగిపోవాలి. దిగకుండా రోజుల తరబడి నిలిచిపోతేనే ప్రమాదం. నిద్ర చెడుతుంది, రక్తపోటు స్థిరపడిపోతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. బ్రూస్ మెక్‌ఈవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇలా పేరుకునే అరుగుదల గురించి 1993 నుంచీ రాస్తూ వచ్చారు. హార్మోన్లు అలా మామూలు స్థితికి దిగడం ఆడవాళ్ళలో ఎందుకు జరగడం లేదో స్వీడన్‌లో మరియాన్ ఫ్రాంకెన్‌హాయిజర్ బృందం వోల్వో కంపెనీలో చేసిన అధ్యయనం చూపించింది. ఒకే హోదాలో ఉన్న స్త్రీ పురుష మేనేజర్ల హార్మోన్లను ఆఫీసు వేళల్లోనూ, తర్వాతా కొలిచారు. పగలు ఇద్దరిదీ ఒకటే తీరు. సాయంత్రమయ్యేసరికి మగవాళ్ళలో ఒత్తిడి హార్మోను తగ్గింది, ఆడవాళ్ళలో తగ్గలేదు. ఇంటికెళ్ళాక వాళ్ళకు రెండో డ్యూటీ ఎదురుచూస్తోంది. ఎన్నో సౌకర్యాలున్న స్వీడన్ మేనేజరు ఒళ్ళే సాయంత్రాన్ని గుర్తించలేకపోతే, పనిచోటూ ఇల్లూ ఒకటే అయిన నరసాపురం ఇల్లాలి ఒళ్ళు ఎలా గుర్తిస్తుంది?

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఇంట్లో కూర్చుని అల్లుకునే మనిషికి పైన మేస్త్రీ లేడు, హాజరు పట్టీ లేదు. ఇష్టమైతే అల్లుతుంది, కాకపోతే పక్కన పెడుతుంది. ఇంతకంటే స్వేచ్ఛ ఎక్కడుంటుంది అని. వినడానికి సబబుగానే ఉంది. పని మీద అదుపు ఆరోగ్యానికి కీలకమన్నది నిజమే కూడా. లండన్‌లో వేలాదిమంది ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనాలు తేల్చిందదే. పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులకంటే కింది స్థాయి ఉద్యోగులకే గుండెజబ్బులు ఎక్కువ వచ్చాయి. తమ పని తీరు మీద తమకు మాట లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని తర్వాతి విడతలో తేలింది. అయితే అల్లే మనిషికి నిజంగా ఉన్న అదుపు ఎంత? రేటు ఏజెంటుది, గడువు ఏజెంటుది. లేవాల్సిన వేళ కుక్కరుది, పిల్లలది, పెద్దవాళ్ళది. పని ఆపగలదు కానీ ఎప్పుడు ఆపాలో తాను ఎంచుకోలేదు. పగలు తెగిపోయిన గంటల్ని రాత్రి అందరూ పడుకున్నాక దీపం కింద పూడ్చుకోవాలి. మెడ నొప్పి, నడుం నొప్పి, చూపు మందగించడం ఈ పనిని అంటిపెట్టుకుని వచ్చేవి. ఇవి సూది వల్ల వచ్చినవని అందరికీ తెలుసు. తెగిపోయే గంటల వల్ల కూడా వచ్చినవని ఎవరూ అనుకోరు.

రెండో అభ్యంతరం మన పెద్దవాళ్ళ నోట తరచూ వినిపిస్తుంది. మా అమ్మలు ఊడ్పులకు వెళ్ళారు, వడ్లు దంచారు, పదిమంది పిల్లల్ని పెంచారు, వాళ్ళకు లేని ఒత్తిడి వీళ్ళకెక్కడిది అని. ఆ తరం కష్టాన్ని తక్కువ చెయ్యకూడదు. కానీ ఊడ్పులకు పదిమంది కలిసి వెళ్ళేవారు, పొద్దు వాలితే గట్టెక్కేవారు, కూలి చేతికొచ్చేది. ఆ పనికి ఆద్యంతాలు ఉండేవి. పైగా ఆ తరం ఆరోగ్యంగా ఉందనడానికి ఆధారమేమిటి? బతికి బట్టకట్టినవాళ్ళే మనకు కనిపిస్తున్నారు. కాన్పుల్లో పోయినవాళ్ళు, నలభై ఏళ్ళకే నడుం వంగినవాళ్ళు జ్ఞాపకంలో లేరు. ఇప్పటి సంగతి చూసినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నపూర్ణ అని పిలుచుకునే రాష్ట్రం ఇది. రక్తహీనతకు తిండి దగ్గర్నుంచి కాన్పుల దాకా కారణాలు చాలా ఉన్నాయి. కానీ అందరికీ వడ్డించి మిగిలింది తినే మనిషి, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఒక పూట దొరకని మనిషి, ఆయాసాన్నీ నీరసాన్నీ పని అలసటేలే అనుకుని ఏళ్ళు గడిపేస్తుంది. తీరిక లేకపోవడం కొత్త జబ్బును తెస్తుంది, ఉన్న జబ్బునూ దాస్తుంది.

ఇంటెడు పనిలో ఈ భారం ఎలా పడుతోందో కేంద్ర ప్రభుత్వపు కాల వినియోగ సర్వే చెబుతోంది. 2024 లెక్కల ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దాని మీద గడుపుతున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. ఇది ఇంటి పనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టేవారి సగటు మాత్రమే. అసలు చెయ్యే పెట్టని మగవాళ్ళు ఎక్కువమంది కాబట్టి నిజమైన తేడా ఇంకా పెద్దది. దీనికి మన డెల్టాలో ముసలివాళ్ళ సేవ తోడైంది. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా చేరుకున్నారు. ఊళ్ళో మిగిలిన కోడలో కూతురో పక్షవాతం వచ్చిన పెద్దాయనను చూసుకుంటుంది. కొన్ని ఇళ్ళలో డెబ్బై ఏళ్ళ భార్యే చూసుకుంటుంది. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. జీవిత భాగస్వామికి సేవ చేస్తూ ఆ భారంతో నలిగిపోతున్న వృద్ధులకు, అలాంటి బాధ్యత లేనివారితో పోలిస్తే, నాలుగేళ్ళలో మరణించే ముప్పు 63 శాతం ఎక్కువని తేలింది. సేవ చేస్తున్నా నలిగిపోనివారిలో మాత్రం అలాంటి పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. అంటే చంపేది సేవ కాదు. చెయ్యి మార్చుకునే మనిషి లేని సేవ.

ఉమ్మడి కుటుంబం ఉంటే ఇవన్నీ ఉండవు అంటారు. చెయ్యి మార్చుకునేవాళ్ళు ఉన్న ఉమ్మడి కుటుంబం నిజంగానే మందు. వడ్డించాల్సిన విస్తళ్ళు పెరిగి, వడ్డించే చెయ్యి ఒకటే మిగిలిన ఉమ్మడి కుటుంబం మందు కాదు. ఆడవాళ్ళు ఉద్యోగాలు మానేస్తే సరిపోతుందనేవాళ్ళకు కూడా సమాధానం ఉంది. సొంత సంపాదన, ఇంటి బయట స్నేహాలు, నలుగురిలో గుర్తింపు మనసుకు బలమిస్తాయని చాలా దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మగా ఉండటం, ఉద్యోగిగా ఉండటం ఒకదానికొకటి శత్రువులు కావు.

మగవాళ్ళను ఈ లెక్క నుంచి తప్పించలేం. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులున్న రైతుల రాత్రులు చూడండి. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటరు వెంటనే అందుకోకపోతే, పంట మొత్తం పైకి తేలిపోతుంది. అందుకే రైతు చెరువు గట్టు మీద కునుకే తీస్తాడు, నిద్రపోడు. పొద్దున్నే పిల్లల ఫీజు, మేత అప్పు, కౌలు డబ్బు. ఆ రోజుకూ సాయంత్రం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవారికంటే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో అలా పోయిన 7,45,000 మందిలో 72 శాతం మగవాళ్ళే. సంపాదన మొత్తం నీదే, ఇల్లు మొత్తం నీదే అని పంచిపెట్టిన పద్ధతి ఇద్దరినీ చెరో దారిలో దెబ్బతీస్తోంది.

కరోనా తర్వాత రాజమండ్రిలో, కాకినాడలో, పల్లెటూళ్ళలో కూడా ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంటి నుంచి పనిచేసే అమ్మాయిలు కనిపిస్తున్నారు. జీతం బాగుంది, ప్రయాణం లేదు, పిల్ల కళ్ళముందే ఉంటుంది. ఇది మంచి ఏర్పాటు కాగలదు. కాకపోతే ఇంట్లోనే ఉంది కదా అని చుట్టాలు, ఆన్‌లైన్‌లోనే ఉంది కదా అని మేనేజరు ఒకే మనిషిని రెండు వైపుల నుంచి పిలిస్తే, ఆమె నరసాపురం వసారాలోకే వచ్చి కూర్చున్నట్టు. జీతం తేడాయే తప్ప ఒంటి మీద పడేది అదే. తలుపు వేసుకోగల గది, ఇన్నింటికి మొదలై ఇన్నింటికి ముగుస్తుందని ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒప్పుకున్న వేళ, ఆ వేళలో పిల్లను చూసుకునే మరో మనిషి ఉన్నప్పుడే ఇంటి నుంచి పని మేలు చేస్తుంది.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి. ఇంటి నుంచి పనిచేసే కార్మికుల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. 2020 సామాజిక భద్రతా స్మృతిలో ఇంటి నుంచి పనిచేసే కార్మికులకు నిర్వచనమైతే దక్కింది. దాన్ని ఆధారం చేసుకుని అల్లికకు పట్టే గంటలను కొలిచి కూలి రేటు కట్టాలి, కంటి పరీక్షలు ఊళ్ళోకే రావాలి, అంగన్‌వాడీలు సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకోవాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. ప్రభుత్వం కదిలేలోపు ఇంట్లో చెయ్యగలిగింది కూడా ఉంది, అందుకు జీవో అక్కర్లేదు. ఇంటి మగవాళ్ళకు నా మనవి ఇది: సాయం చేస్తానని అనకండి, సాయమంటే గుర్తుచేసే బాధ్యత మళ్ళీ ఆమెదే. రాత్రి వంటో, నాన్నగారి మందులో, పిల్లల బడి సంగతులో, ఏదో ఒకటి ఆమె గుర్తుచెయ్యనక్కర్లేకుండా పూర్తిగా మీ చేతికి తీసుకోండి. ఆమెకు నీరసంగా ఉంటోందని మీకు ఎప్పటినుంచో తెలిస్తే, ఈ వారంలోనే దగ్గరుండి రక్తపరీక్ష చేయించండి.