మాంసము ప్రియమైన కాలమున బలమునకు మార్గములు

కర్నూలు, కడప ప్రాంతములలో ఆదివారమునాడు కూర వండవలెనన్న కూలివాడు రెండుమారులు ఆలోచింపవలసివచ్చుచున్నది. పొట్టేటి మాంసము ఏనాడో పేదల చేయి దాటిపోయినది. దానికి బదులుగా నుండిన పెద్దమాంసము సయితము ఏటేట ప్రియమగుచున్నది. ఏ యింటివారేమి తినవలెననునది వారి యాచారమునకును మనస్సాక్షికిని సంబంధించిన విషయము. దానిని మేమిక్కడ చర్చింపము. వెల పెరిగినపుడు బిడ్డల బలము తగ్గకుండుటెట్లు అనునదియే మా ప్రశ్న.

వెల పెరుగుటకు కారణములు పెక్కు కలవు. మొదటిది మేత. వానలు తప్పిన యేట చెనక్కాయ కట్టె దొరకదు. కాపరి మందలో చాలభాగము అమ్మివేయును. ఆ కొన్ని నెలలు వెల తగ్గినట్లు తోచును గాని, ఈనవలసిన గొఱ్ఱెలు తఱిగిపోవుటచే మఱుసటి యేడు వెల మిక్కిలి హెచ్చును. రెండవది గిరాకి. 2019వ సంవత్సరపు పశుగణనలో ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలుండెను. తెలంగాణము తరువాత దేశమున రెండవ స్థానము మనదే. అయినను బెంగుళూరు, హైదరాబాదు, చెన్నపట్టణములు మంచి వెల నిచ్చునపుడు మంద మన సంతలో నిలువదు. మూడవది పెద్దమాంసమునకు సంబంధించినది. 1977వ సంవత్సరపు చట్టముచే ఆవులను, దూడలను వధించుట నిషిద్ధము. తక్కిన పశువులకు పనికిరానివను ధ్రువపత్రము కావలెను. సేద్యమున ట్రాక్టరు వచ్చినపిమ్మట ముసలి యెద్దులును తగ్గినవి. ఎనుము మాంసము విదేశములకు విరివిగా ఎగుమతి యగుచున్నది.

ఈ చిక్కు మన సీమకు క్రొత్త కాదు. 1876–78 నాటి మహాక్షామమున కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరముగా దెబ్బతినెను. 1877లో రిచర్డ్ టెంపుల్ దొరగారు కరవు పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల, ధాన్యపు వెల చాలునని నిర్ణయించిరి. చెన్నపట్టణపు ఆరోగ్యాధికారియైన కార్నిష్ దొరగారు దానిని గట్టిగా ఎదిరించిరి. గింజ ఒక్కటియే కండను నిలుపజాలదనియు, పప్పు కూడ కావలెననియు వారి వాదము. తుదకు ఆ మార్చి నెలలోనే చెన్నపట్టణ ప్రభుత్వమువారు కూలిని 570 గ్రాముల ధాన్యమునకును 43 గ్రాముల పప్పునకును పెంచిరి. మాంసము లేనిచోట పప్పే ప్రాణాధారమను పాఠము మన నేలమీదనే నేర్వబడినది.

దీనికి శాస్త్రకారణ మేమి? మన కండలు మాంసకృత్తులతో కట్టబడినవి. జొన్న, రాగి, వరి మొదలగు ధాన్యములలో లైసిన్ అను అంశము కొఱత. పప్పులలో అది సమృద్ధి. పప్పులలో మెథియోనిన్ అనునది కొఱత. ధాన్యములలో అది చాలినంత కలదు. రెంటిని కలిపి భుజించినచో ఒకదాని లోపమును వేఱొకటి తీర్చును. రాగిసంగటితో ఉలవచారును, జొన్నరొట్టెతో గోంగూర పప్పును తినిన మన పెద్దలు ఈ పేర్లెఱుగకయే ఈ పని చేసిరి.

కూనూరులో నుండిన ఆహార పరిశోధనాలయము 1937లో భారతీయాహారముల విలువలను ప్రకటించెను. అది 1958లో హైదరాబాదునకు మాఱి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరొందినది. అట్టి పట్టికల ప్రకారము 100 గ్రాములలో మాంసకృత్తులు సుమారుగా ఇట్లున్నవి: పెద్దమాంసమున 22 గ్రాములు, పొట్టేటి మాంసమున 18, కందిపప్పున 22, ఉలవలలో 22, చెనక్కాయ గింజలలో 25, కోడిగ్రుడ్డున 13, జొన్నలలో 10. ఉలవలు ఎద్దుల దాణా యని చిన్నచూపు చూచువారు ఈ అంకెలను మఱల చదువుదురుగాక!

పెద్దవారికి దేహపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అనగా 50 కిలోల మనిషికి 42 గ్రాములు. 300 గ్రాముల జొన్నలు, 60 గ్రాముల కందిపప్పు, 30 గ్రాముల చెనక్కాయ గింజలు కలిసి సుమారు 50 గ్రాముల నిచ్చును. గింజలలోనిది మాంసములోనిదానివలె పూర్తిగా జీర్ణము కాదు గనుక ఈ కొంచెము అధికము అవసరమే.

అయితే పప్పు అన్నిటిని ఈయజాలదు. బి12 అను విటమిను సహజముగా జంతుసంబంధమైన ఆహారముననే లభించును. మాంసములోని ఇనుము దేహమునకు పట్టినంత సులువుగా గింజలలోనిది పట్టదు. కావున మాంసము తగ్గించిన యింట గ్రుడ్డుగాని, పాలు పెరుగులుగాని, చేపగాని ఉండవలెను. శ్రీశైలము, మైలవరము జలాశయముల చేపలు మనకు దూరము కావు. పెరటిలో నాలుగు కోళ్లు పెంచుట మేలు. హైదరాబాదున రూపొందిన వనరాజ జాతి పెట్ట ఏటికి నూఱు గ్రుడ్లకు తక్కువ గాకుండ పెట్టును. కొక్కెర తెగులు రాకుండ టీకా వేయించుట మఱవరాదు. పప్పుతో నిమ్మ, ఉసిరిక మొదలగు పులుపు తినినచో ఇనుము బాగుగ పట్టును. భోజనము కాగానే తేనీరు త్రాగినచో పట్టదు. బూజుపట్టిన చెనక్కాయలు విషతుల్యములు, వానిని పాఱవేయవలెను.

మాంసమే కావలెనన్నను ఉపాయములు కలవు. నాలుగైదిండ్లవారు కూడి ఒక పొట్టేలును కొని పోగులు వేసికొనుట యొకటి. బ్రతికిన బరువులో సగమునకు కొంచెము తక్కువ మాంసమగునని లెక్కించి బేరమాడవలెను. రెండవది, కర్నూలు ముసల్మానుల యిండ్లలో దాల్చా వండునట్లు కొద్ది మాంసమును పప్పుతో కలిపి పదిమందికి సరిపెట్టుట. కాని చచ్చిన పశువు మాంసమును చవుక యని ఎన్నడును తేరాదు, దొమ్మరోగము ప్రాణాంతకము.

విద్యార్థులారా, ఒక లెక్క. సెలవులలో మీ యూరి సంతలో ఉలవలు, కందిపప్పు, గ్రుడ్లు, మాంసము కిలో వెల వ్రాసికొనుడు. పై అంకెలను పదింతలు చేసి వెలచే భాగించినచో ఒక రూపాయికి ఎన్ని గ్రాముల మాంసకృత్తులు వచ్చునో తేలును. ఆ కాగితమును మీ తల్లికి చదివి వినిపింపుడు.

తలిదండ్రులకు ఒక్క మనవి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రపు 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదని తేలెను. గ్రుడ్లను అమ్ముకొనుటకు ముందు ఇంటనున్న ఆడబిడ్డ కొకటి పెట్టుడు. కూర చట్టి అడుగంటిన పిమ్మట తల్లి కూర్చుండు వాడుక మానవలెను. వెలలు మన చేతిలో లేవు; వడ్డన మన చేతిలోనిదే.