జూడో చాప నుండి మనస్తత్వశాస్త్రము వరకు

1984వ సంవత్సరమున ఆస్ట్రియా రాజధాని వియన్నాలో స్త్రీల ప్రపంచ జూడో పోటీలు జరిగినవి. 56 కిలోగ్రాముల తరగతిలో ఆన్ మరియా డి మార్స్ స్వర్ణపతకము గెలుపొందినది. అంతకుముందు అమెరికా దేశమునుండి పురుషులు గాని, స్త్రీలు గాని జూడోలో ప్రపంచ విజేతలు కాలేదు. పురుషుల జూడో 1964లోనే ఒలింపిక్ క్రీడలలో చేరినను, స్త్రీలు పతకములకై పోటీ చేయుటకు 1992 వరకు ఆగవలసి వచ్చినది. కనుక ఆమెకు అందుబాటులోనున్న అత్యున్నత విజయము ఇదియే.

జూడోను 1882లో జపానులో రూపొందించిన కానో జిగోరో స్వయముగా విద్యావేత్త. ఎదుటివాని బలమును ఎదిరింపక దానినే ఉపయోగించుకొనుట ఈ విద్యలోని కీలకము. డి మార్స్ మోకాలు గాయపడినందున, నిలబడి పడవేయు పట్లకంటె నేలమీది పట్లలో ఎక్కువ నేర్పు సంపాదించినది.

వీటిలో ముఖ్యమైనది మోచేతి పట్టు. ఇది తులాదండ సూత్రముపై పనిచేయును. గునపముతో బండను కదల్చునప్పుడు దాని క్రింద చిన్న రాతిని ఆధారముగా ఉంచుదుము గదా! ఈ పట్టులో ఆ ఆధారము పట్టినవారి తుంటి. ప్రత్యర్థి మణికట్టువద్ద కొద్ది బలము ప్రయోగించినను మోచేతి కీలుపై గొప్ప ఒత్తిడి కలుగును. గురువు లేనిదే విద్యార్థులు దీనిని ప్రయత్నింపరాదు. డి మార్స్ కుమార్తె రోండా రౌసీ 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము పొందినది. ఆమెకును ఈ పట్టే పేరు తెచ్చినది.

ప్రత్యర్థి నేలపై పడిన క్షణమున ఆలోచనకు వ్యవధి ఉండదు. పలుమార్లు చేసిన అభ్యాసమే అప్పుడు చేతికి దారి చూపును. మనిషి ఎట్లు నేర్చుకొనును? నేర్చినదానిని ఎట్లు కొలువవచ్చును? ఇట్టి ప్రశ్నలను పరిశీలించునది విద్యా మనస్తత్వశాస్త్రము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖలో డి మార్స్ ఈ శాస్త్రమునందే డాక్టరేటు పొందినది. గణాంకశాస్త్రము, మనోమాపనము ఆమె ప్రత్యేక విషయములు.

మనోమాపనము పరీక్షకు రెండు గుణములుండవలెనని చెప్పును. తక్కెడ ఒకే వస్తువును ఎన్నిసార్లు తూచినను ఒకే బరువు చూపవలెను. ఇది విశ్వసనీయత. పరీక్ష తాను కొలువదలచినదానినే కొలువవలెను. ఇది సప్రమాణత. హైదరాబాదుకు తూర్పున మూసీ ఒడ్డునున్న పీర్జాదిగూడలోని ఒక బడిలో లెక్కల పరీక్ష జరుగుచున్నదనుకొందము. మంచుపై జారు ఆటను గూర్చి ప్రశ్న ఇచ్చినచో, ఆ ఆటను ఎరుగని బాలిక కూడిక, తీసివేత బాగుగా వచ్చియు తప్పవచ్చును. అదే లెక్కను మూసీ నీటిని గూర్చి అడిగిన సులువుగా చేయగలదు. మొదటి ప్రశ్నలో కొలువబడినది ఆమె గణితజ్ఞానము కాదు. అయినను మార్కులు పోవునది ఆమెకే. “మొద్దు” అను పేరు వచ్చునదియు ఆమెకే.

డి మార్స్ తరువాత స్థాపించిన సంస్థ, అమెరికా ఆదిమజాతులలో ఒకరైన డకోటా ప్రజల చరిత్రతో లెక్కలు నేర్పు కంప్యూటరు ఆటలను తయారుచేసినది. పిల్లవాడు తనకు తెలిసిన లోకమునుండి తెలియని గణితములోనికి నడచును.

పరీక్షపత్రము వ్రాయు ప్రతి ఉపాధ్యాయుడును ఈ ప్రశ్న వేసికొనదగును: “ఈ ప్రశ్న దేనిని కొలుచుచున్నది?”