హెచ్.ఐ.వి. నివారణ – క్రైస్తవ సంఘ పెద్దల వైఖరి

పుత్తూరు (తిరుపతి జిల్లా): చెన్నై–తిరుపతి రహదారిపైన, రేణిగుంట–అరక్కోణం రైలు మార్గంలోను ఉన్న పుత్తూరు నిత్యం రాకపోకలు సాగే పట్టణం. ఇటువంటి చోట హెచ్.ఐ.వి. నివారణ ఒక్క వైద్య, ఆరోగ్య శాఖతో పూర్తయ్యే పని కాదు. అనుమానం కలిగిన విశ్వాసి పరీక్షకు వెళ్ళడమా, దాచుకోవడమా అన్నది ఆదివారం ఆరాధనలో విన్న మాటపై కూడ ఆధారపడుతుంది.

ఈ ప్రాంతంలో తిరుపతి కేంద్రంగా గల దక్షిణాంధ్ర లూథరన్ సంఘం, కడప కథోలిక పీఠం, దక్షిణ ఇండియా సంఘం, అనేక స్వతంత్ర ప్రార్థనా మందిరాలు ఉన్నాయి. వీటన్నిటిదీ ఒకే వైఖరి అనుకోవడం పొరపాటు. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2005లో ప్రకటించిన విధానం రోగుల పట్ల వివక్షను ఖండించి, సంరక్షణను బాధ్యతగా స్వీకరించినది. నివారణకు మాత్రం వివాహానికి ముందు నిగ్రహాన్ని, తరువాత దాంపత్య నిష్ఠను మార్గాలుగా చూపినది. కండోమ్ ప్రచారాన్ని చేపట్టలేదు. పోప్ 16వ బెనెడిక్ట్ 2009 మార్చిలో కండోమ్ పంపిణీతో సమస్య తీరదన్నారు. 2010లో వెలువడిన సంభాషణా గ్రంథంలో, కొన్ని ప్రత్యేక సందర్భాలలో దాని వాడకం బాధ్యత వైపు తొలి అడుగు కావచ్చునని అంగీకరించారు. ప్రపంచ చర్చిల మండలి ఆధ్వర్యంలో 2001లో నైరోబీలో జరిగిన సమావేశం, అపనిందను, వివక్షను తొలగించడమే చర్చిలు చేయగల అతి పెద్ద సహాయమని తేల్చినది.

ఆచరణలో చర్చిల సేవ వివాదానికి అతీతమైనది. 1986లో చెన్నైలో సేకరించిన రక్త నమూనాలలో దేశంలోని తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడినది పొరుగున ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే.

2021 అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్.ఐ.వి. వ్యాప్తి దేశంలో 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. 2004 ఏప్రిల్ 1న మన రాష్ట్రంతో సహా అధిక వ్యాప్తి గల రాష్ట్రాలలో ఉచిత ఎ.ఆర్.టి. చికిత్స ఆరంభమైనది. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి తగ్గినవారి నుండి లైంగికంగా వ్యాధి సోకదని నేడు నిర్ధారణ అయినది. గర్భిణికి సకాలంలో చికిత్స అందితే శిశువుకు సోకే అవకాశం 5 శాతంలోపే. అంటే చికిత్సయే నివారణ. కండోమ్‌పై భిన్నాభిప్రాయం గల బోధకునికైనను ఇందులో అభ్యంతరం ఉండనక్కరలేదు. "పాప ఫలం" అన్న ఒక్క మాట మాత్రం పరీక్షకు రాదలచిన వారిని వెనుకకు మళ్ళించగలదు. భర్త ద్వారా వ్యాధి సోకిన గృహిణికి అది మరింత అన్యాయం.

పెళ్ళికి ముందు పరీక్షా పత్రం అడిగే విషయంలో సంఘ కాపరులు జాగ్రత్త వహించవలసి ఉన్నది. సోకిన తొలి వారాలలో వ్యాధి పరీక్షలో కనబడకపోవచ్చును. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం సాధారణంగా వ్యక్తి సమ్మతి లేనిదే పరీక్ష జరపరాదు, ఫలితం వెల్లడించరాదు. ప్రార్థన కోరుతూ సంఘంలో పేరు చదవడానికి సైతం ఆ వ్యక్తి అనుమతి అవసరం.

సలహాల కొరకు ఉచిత టెలిఫోన్ నెంబరు 1097.